ఆసనం, కెమెరా, పది బై పన్నెండు గది

యోగా చేసేవాళ్ల ఫొటోలు మనకు ముఖ్యంగా మూడు చోట్ల కనిపిస్తాయి. ఏటా జూన్ 22న పత్రికల జిల్లా పేజీల్లో, మైదానం నిండా చేతులెత్తి నిలబడిన జనం. ఫోన్‌లో, కొండ అంచునో సముద్రపు ఒడ్డునో తలకిందులుగా నిలిచిన ఒంటరి మనిషి. ఊళ్లో, యోగా కేంద్రం ఫ్లెక్సీ మీద రంగు వెలుగుల మధ్య పద్మాసనం. ఈ మూడింటిలో ఏదీ అభ్యాసం చేసే మనిషి కోసం తీసింది కాదు. మొదటిది ఎంతమంది వచ్చారో చూపడానికి, రెండోది సాహసం చూపడానికి, మూడోది కొత్తవాళ్లను చేర్చుకోవడానికి. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో కృష్ణగిరి మండలంలో ఒక పల్లెలోనో తెల్లవారుజామునే లేచి, ఇంట్లో చాప పరుచుకుని ఆసనాలు వేసే మనిషికి ఫొటో వల్ల ఏమైనా ప్రయోజనం ఉందా, ఉంటే దాన్ని ఎలా తీయాలి అన్న ప్రశ్న పక్కనే ఉండిపోయింది. నా వాదన ఇది: అభ్యాసకుడు తన శరీరాన్ని బయటినుంచి చూసుకోగలగడమే యోగా ఫొటోకు మొదటి ప్రయోజనం. ఆ పనికి మైదానం కన్నా, అద్దె స్టూడియో కన్నా ఇంటి గదే మేలు. గది చిన్నదన్న ఇబ్బందికి చాలావరకు విరుగుడు ఉంది. అయితే ఫొటోగ్రాఫర్ తన అలవాట్లు కొన్ని వదులుకోవాలి.

ఆసనాన్ని బొమ్మగా నిలపడం మన వైపు కొత్త సంగతి కాదు. శ్రీశైలం మల్లికార్జున ఆలయ ప్రాకారం మీద 16వ శతాబ్ది తొలినాళ్ల శిల్పాల వరుసల్లో సిద్ధులు, యోగులు కనిపిస్తారు. ఆదోని నుంచి బళ్లారి మీదుగా ఒక పూటలో చేరగల హంపిలో, విజయనగర కాలపు ఆలయ స్తంభాల మీద కఠినమైన ఆసనాల్లో ఉన్న యోగులున్నారు. కూర్చుని వేసేవే కాదు, చేతుల మీద శరీరాన్ని నిలిపినవి, తలకిందులైనవి కూడా వాటిలో ఉన్నాయి. సేథ్ పావెల్ అనే పరిశోధకుడు 2018లో వీటి గురించి విపులంగా రాశాడు. కూర్చుని వేసే ఆసనాలు తప్ప మిగతావన్నీ ఆధునిక కసరత్తుల నుంచి వచ్చినవే అనే మాట పూర్తిగా నిలవదని చెప్పడానికి ఈ రాళ్లు గట్టి ఆధారం. ఫొటో తీసేవాళ్లు వీటి నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. స్తంభం మీద చెక్కే శిల్పికి దొరికే లోతు బహు తక్కువ. కాలు ముందుకు పొడుచుకు వచ్చేలా చెక్కడానికి అక్కడ రాయి లేదు. అందుకే ఆసనం ఏ వైపు నుంచి చూస్తే బాగా విచ్చుకుంటుందో ఆ వైపునే అతడు ఎంచుకున్నాడు. చేతులు, కాళ్లు, వెన్ను అన్నీ రాతి తలానికి సమాంతరంగా పరిచాడు. కెమెరాకూ లోతు లేదు. ఐదు శతాబ్దాల కిందటి ఆ ఎంపికే ఇవాళ్టి చిన్న గదిలోనూ మొదటి సూత్రం.

కెమెరా యోగాలోకి వచ్చిన తీరు చూస్తే, అది మొదట్లో ప్రదర్శన కోసం కన్నా పరిశీలన కోసం, బోధన కోసం వచ్చిందని తెలుస్తుంది. స్వామి కువలయానంద 1924లో లోణావళాలో కైవల్యధామం స్థాపించి, అదే ఏడు ‘యోగ మీమాంస’ పత్రిక మొదలుపెట్టారు. ఉడ్డియానం, నౌలి చేసేటప్పుడు పొట్ట లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఎక్స్‌రేను కూడా వాడారు. మైసూరు రాజాస్థానం ఆదరణలో బోధించిన తిరుమలై కృష్ణమాచార్య 1934లో కన్నడంలో ‘యోగ మకరంద’ను ఫొటోలతో వెలువరించారు. 1938లో ఆయనా, ఆయన శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగారూ ఆసనాలు వేస్తుండగా ఒక మూకీ చిత్రం తీశారు. 1966లో లండన్‌లో అచ్చయిన అయ్యంగార్ ‘లైట్ ఆన్ యోగా’లో దాదాపు 600 ఫొటోలున్నాయి. వాటిని తీసింది బెంగళూరుకు చెందిన జి.జి. వెల్లింగ్. ఆ పుస్తకం తిరగేస్తే దృశ్యం ఎంత పొదుపుగా ఉందో కనిపిస్తుంది. ఖాళీ నేపథ్యం, పొట్టి లాగు, ఒక మనిషి, ఒక ఆసనం. అందంగా కనబడాలన్న తపన లేదు. మోకాలు నిటారుగా ఉందా, పాదం ఏ దిక్కుకు తిరిగింది, భుజం ఎక్కడుంది అన్నవి చూపులోనే తెలిసిపోతాయి. దేశదేశాల్లో గురువు దగ్గర లేని విద్యార్థులు ఆ ఫొటోలు చూసే తమ ఆసనాలు దిద్దుకున్నారు.

దీని మీద ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. మార్క్ సింగిల్టన్ 2010లో వచ్చిన ‘యోగా బాడీ’లో, చౌకగా అచ్చయ్యే ఫొటోలే ఆధునిక యోగాను ఆసనాల చుట్టూ తిప్పాయని వాదించాడు. ఫొటోలో పడేది ఆసనమే కాబట్టి ఆసనమే యోగా అయిపోయిందనీ, ధ్యానం, ప్రాణాయామం, యమ నియమాలు వెనక్కి జరిగాయనీ దాని సారాంశం. ఇందులో చాలా నిజముంది. కష్టమైన ఆసనానికి ఎక్కువ లైకులు వస్తాయి కాబట్టి, శవాసనం ఫొటో ఎవరూ పెట్టరు. అయితే ఈ వాదన ఫొటోను చూసేవాడు ఎప్పుడూ బయటివాడే అనుకుంటుంది. ఫొటోను మొదట చూసేది అభ్యాసకుడే అయితే లెక్క మారుతుంది. పతంజలి ఆసనాన్ని స్థిరంగానూ సుఖంగానూ ఉండే స్థితి అన్నాడు. ఆ రెండూ ఉన్నాయో లేవో లోపలి అనుభూతి చాలావరకు చెబుతుంది, అన్నీ చెప్పదు. తుంటి ఒక వైపుకు ఒరిగినా వెన్ను మధ్యలో వంగినా ఏళ్లతరబడి అలాగే చేసేవాడికి అదే నిటారుగా అనిపిస్తుంది. ఆ అలవాటు గురువు కంటికి పట్టుబడుతుంది, లేదా ఫొటోకు పట్టుబడుతుంది. అద్దం పక్కవైపు చూపించలేదు, చూడాలంటే మెడ తిప్పాలి, మెడ తిప్పితే ఆసనమే మారిపోతుంది.

ఇక గది సంగతి. మన ఇళ్లలో మామూలుగా దొరికేది పది బై పన్నెండు అడుగుల గది. అందులో మనిషి గోడకు రెండు మూడు అడుగుల ఎడంగా ఉండాలి, లేకపోతే నీడ గోడ మీద పడి వెన్ను అంచును మింగేస్తుంది. మిగిలేది తొమ్మిది పది అడుగులు. ఫోన్‌లోని మామూలు లెన్సు విశాలంగా చూస్తుంది కాబట్టి, చేతులు చాపిన మనిషిని, అంటే ఏడడుగుల వెడల్పును, ఐదడుగుల దూరం నుంచే పట్టేస్తుంది. సులువు కదా అని అందరూ చేసేది ఇదే, ఫొటో చెడిపోయేదీ ఇక్కడే. ఐదడుగుల దూరంలో ఉన్న మనిషి ఒక చేతిని రెండడుగులు కెమెరా వైపు చాపితే ఆ చెయ్యి మూడడుగుల దూరంలో ఉన్నట్టు. అంటే మొండెంతో పోల్చితే ఆ అరచెయ్యి ఒకటిన్నర రెట్ల కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అదే పదడుగుల నుంచి తీస్తే తేడా నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇక్కడ తప్పు లెన్సుది కాదు, దూరానిది. యాభై మిల్లీమీటర్ల లెన్సుకు ఆ ఏడడుగులు పట్టాలంటే సుమారు పదడుగుల దూరం కావాలి, ఎనభై ఐదు మిల్లీమీటర్ల పోర్ట్రెయిట్ లెన్సుకు పదహారడుగుల పైన కావాలి. కాబట్టి పెళ్లి ఫొటోలకు వాడే ఆ పోర్ట్రెయిట్ లెన్సు ఇక్కడ పనికిరాదు. ఫోన్ అయితే రెండు రెట్ల జూమ్ పెట్టి, మనిషిని గదిలోనే ఉంచి, కెమెరాను గుమ్మం అవతల వసారాలో ట్రైపాడ్ మీద నిలపడం అన్నిటికన్నా తేలికైన ఉపాయం. గది మూల నుంచి మూలకు పదిహేనడుగులకు పైగా ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

దూరం తర్వాత ముఖ్యమైంది ఎత్తు. దీన్ని ఒక్క ఆసనంతో వివరిస్తే చాలు. పశ్చిమోత్తానాసనంలో కాళ్లు చాపి కూర్చున్న మనిషి నడుము నుంచి ముందుకు వంగుతాడు. చూడవలసింది తల మోకాళ్లకు తగిలిందా అని కాదు, వంపు ఎక్కడ మొదలైందని. తుంటి దగ్గర కటి ముందుకు వాలి, వెన్ను పొడవుగా సాగిందా? లేక కటి అక్కడే నిలిచిపోయి, పక్కటెముకల వెనక వెన్ను గూనిలా లేచిందా? ఫొటోగ్రాఫర్ నిలబడి తన కంటి ఎత్తు నుంచి కిందికి చూస్తూ తీస్తే ఆ గూని చదునుగా కనిపిస్తుంది, ఆసనం సరిగ్గా ఉందని అభ్యాసకుడు నమ్ముతాడు. అదే కెమెరాను నేలకు అడుగున్నర ఎత్తులో, తుంటికి ఎదురుగా, పూర్తిగా పక్కనుంచి, ఏ వైపూ వాలకుండా పెడితే రెండు వెన్నుల తేడా చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. మడమ, తుంటి, చెవి మూడూ ఒకే ఫొటోలో దొరుకుతాయి. త్రికోణాసనానికి కెమెరా నడుము ఎత్తులో, ఎదురుగా ఉండాలి. వృక్షాసనానికి ఒకటి ముందు నుంచి, ఒకటి పక్క నుంచి తీయాలి, ఎందుకంటే తుంటి పక్కకు జారడం ముందు నుంచీ, నడుము లోపలికి విరగడం పక్క నుంచీ తెలుస్తాయి. లెన్సు పైకి గానీ కిందికి గానీ వాలితే గోడ గీతలు ఒకచోటికి చేరుకుంటాయి, కాళ్లు కురచబడతాయి. ఫోన్‌లో గళ్ల గీతలు ఆన్ చేసుకుని, తలుపు చట్రం నిటారుగా కనబడేదాకా సర్దుకుంటే ఆ పొరపాటు జరగదు. పందొమ్మిదో శతాబ్దంలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ మనుషుల నడకను, పరుగును గళ్ల తెర ముందు నిలిపి తీసింది కూడా కొలత కోసమే.

వెలుగు విషయంలో ఈ ప్రాంతానికి కొరత లేదు, ఉన్నది ఎక్కువ. మార్చి నుంచే ఎండ మండుతుంది, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది. కాబట్టి తూర్పు కిటికీ ఉన్న గది, పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపు సమయం అన్నిటికీ కలిసొస్తాయి. ఖాళీ కడుపుతో ఆసనాలు వేసే వేళ కూడా అదే. నేరుగా పడే ఎండ ఒంటి మీద గట్టి గీతలు గీస్తుంది, అందుకని కిటికీకి పల్చటి తెల్లని నూలు పంచె ఒకటి కట్టాలి. ఎమ్మిగనూరు వైపు మగ్గం మీద నేసిన పంచె దొరకడం కష్టం కాదు, వెలుగును మెత్తబరచడంలో కొని తెచ్చిన తెల్లటి తెరకు అది తీసిపోదు. కిటికీకి ఎదురు వైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే నీడవైపు చెయ్యి, కాలు చీకట్లో కలిసిపోవు. కిటికీ చిన్నదైతే మనిషి దాని నుంచి మూడడుగుల నుంచి ఆరడుగులకు జరగడంతోనే వెలుగు నాలుగో వంతుకు పడిపోవచ్చు. అందువల్ల చాపను కిటికీకి సమాంతరంగా పరవాలి, లేకపోతే తల వెలుగులోనూ పాదాలు చీకటిలోనూ ఉంటాయి. పాత మిద్దె ఇళ్లలో పైకప్పుకు ఉండే గవాక్షి నుంచి పడే వెలుగు ధ్యానంలో కూర్చున్నవాళ్లకు చక్కగా ఉంటుంది గానీ, కళ్ల కింద, గడ్డం కింద నీడలు పోస్తుంది కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకోలేం. ఎల్ఈడీ బల్బులు వాడితే ఇంకో జాగ్రత్త కావాలి. మన కరెంటు సెకనుకు యాభై ఆవృతాలు, ఆ లెక్కన చౌక బల్బు సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. షట్టర్ సెకనులో యాభయ్యో వంతు గానీ నూరో వంతు గానీ పెడితే ఫొటోలో అడ్డ చారలు పడవు.

నేపథ్యం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దేవుడి పటాలు, క్యాలెండరు, బట్టల దండెం పక్కకు జరిపితే చాలు. గోడ రంగు ఎలాంటిదైనా ఒంటి రంగుకూ బట్టల రంగుకూ తేడా ఉండాలి. బేతంచెర్ల బండ పరిచిన నేల నున్నగా మెరుస్తుంది, కిందినుంచి వెలుగును తిప్పి కొడుతుంది, అది కొంత ఉపయోగమే. కానీ ఆ బండ మీద చెమట పాదం జారుతుంది, కాబట్టి నిలబడి వేసే ఆసనాలకు జంపఖానా మీద కాకుండా జారని మ్యాట్ మీదే నిలబెట్టాలి. బట్టలు వదులుగా ఉంటే మోకాలు, తుంటి కనిపించవు, మరీ బిగుతైనవి వేసుకోవాలని బలవంతం చేయడమూ తప్పే. పాదాల దాకా వచ్చే బట్టను మోకాలి కింద దారంతో కట్టుకున్నా కీలు ఎటు తిరిగిందో తెలుస్తుంది.

ఫొటోగ్రాఫర్ వదులుకోవలసిన అలవాట్లు అన్నాను కదా, వాటిలో పెద్దది ‘ఇంకోసారి’ అనడం. పెళ్లిలో దండ ఇంకోసారి వేయించినా నష్టం లేదు. చక్రాసనం నాలుగోసారి వేయిస్తే నడుము పట్టేయవచ్చు. ఫొటోల వరుస ఆసనాల వరుసను అనుసరించాలి గానీ కెమెరా సదుపాయాన్ని కాదు. ముందు శరీరం వేడెక్కాలి, తర్వాత నిలబడి వేసేవి, ముందుకు వంగేవి, వెనక్కి వంగేవి, తలకిందులుగా వేసేవి, చివర శవాసనం. ఒక అభ్యాస పద్ధతికీ ఇంకోదానికీ ఈ క్రమంలో తేడా ఉండవచ్చు, ఏ పద్ధతి వాళ్లది ఆ పద్ధతే పాటించాలి. దూరం, ఎత్తు, వెలుగు ముందే ఇంకొకరిని నిలబెట్టి సరిచూసుకుంటే, అభ్యాసకుడు మామూలుగా ఆసనంలో ఉండే వ్యవధిలోనే రెండు మూడు ఫొటోలు వస్తాయి. అధిక రక్తపోటు, గ్లాకోమా ఉన్నవాళ్లను ఫొటో కోసమని శీర్షాసనం వేయమనకూడదు. అద్దె స్టూడియోలో గంటకింత అని మీటరు తిరుగుతుంటే ఈ ఓపిక కుదరదు. ఇంట్లో కుదురుతుంది. ఇంటి గది మేలన్న నా వాదనకు లెన్సుల లెక్క కన్నా పెద్ద ఆధారం ఈ తీరికే.

రెండో ఆధారం ఏకాంతం. స్త్రీలు ఫొటో దిగడానికి ఒప్పుకోరని, అందువల్ల ఇదంతా మగవాళ్లకే పరిమితమవుతుందని అనేవాళ్లుంటారు. చరిత్ర అందుకు వేరే జవాబు చెబుతుంది. రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. ఎత్తయిన గోడల వెనక, మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ ఆధ్వర్యంలో, పురుషుల కంట పడకుండా అక్కడ ఫొటోలు తీసేవారు. అంటే అడ్డం ఫొటో కాదు, ఎవరు తీస్తున్నారు, ఎవరు చూస్తారు అన్నది. ఇవాళ ఆ స్టూడియోకు గోడలు కట్టనక్కరలేదు. ట్రైపాడ్, పది సెకన్ల టైమర్ ఉంటే అక్కకు చెల్లెలు, అత్తకు కోడలు తీయవచ్చు, ఎవరికి వాళ్లే తీసుకోవచ్చు. బయటి ఫొటోగ్రాఫర్‌ను పిలిస్తే మాత్రం రెండు సంగతులు ముందే మాట్లాడుకోవాలి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లకే తొలి హక్కు అని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతోంది. ఈ మాట తెలిసినవాళ్లు తక్కువ, చెప్పే ఫొటోగ్రాఫర్లు ఇంకా తక్కువ. యోగా కేంద్రం ఆ ఫొటోను తన ప్రచారానికి వాడుకోవాలంటే విడిగా అనుమతి అడగాలి, పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి. నా మటుకు, అభ్యాసంలో ఉన్న మనిషి ఫొటోను అడగకుండా గోడకెక్కించడం నమ్మకద్రోహమే.

శ్వాస ఫొటోలో పడదు, కాబట్టి ఫొటో యోగాను సగమే చూపిస్తుంది అన్నది మరో అభ్యంతరం. ప్రాణాయామం వరకు నేను దీన్ని ఒప్పుకుంటాను. నాడీశోధనలో ముక్కు మీద వేళ్లు ఎలా ఉన్నాయో తప్ప ఇంకేమీ కనిపించదు. ఆసనంలో మాత్రం శ్వాస పూర్తిగా దాక్కోలేదు. బిగబట్టిన ఊపిరి మెడ నరాల్లో, పైకి లేచిన భుజాల్లో, పిడికిట్లో, దవడలో బయటపడుతుంది. ఒకే ఆసనాన్ని ప్రవేశించగానే ఒకసారి, ఐదారు శ్వాసల తర్వాత ఒకసారి తీసి పక్కపక్కన పెడితే, స్థిరత్వం పెరిగిందో సడలిందో తెలుస్తుంది. వీడియో ఇంకా మేలు కదా అంటే, ఒక ఆసనం నుంచి ఇంకోదానికి వెళ్లే తీరును చూడటానికి మేలే, సూర్యనమస్కారాలకు అదే కావాలి. కానీ వీడియోలో కన్ను కదలిక వెంట పరుగెడుతుంది, నిలకడను అది పట్టించుకోదు. పైగా దూరాన ఉన్న గురువుకు నాలుగు ఫొటోలు పంపితే వాటి మీదే వేలితో గీతలు గీసి వెనక్కి పంపగలరు. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం యోగాసనాన్ని పోటీ క్రీడగా గుర్తించాక పిల్లలకు ఈ దిద్దుబాటు అవసరం పెరిగింది. అదే కారణంగా, చూపు పతకం మీదకు పోయే ప్రమాదమూ పెరిగింది. ఇంట్లో తీసే ఫొటో మొదటిదానికి పనిచేయాలి, రెండోదానికి కాదు.

తీసిన ఫొటోను దిద్దడం గురించి నా అభిప్రాయంలో సడలింపు లేదు. వెలుగు, రంగు సరిచేయవచ్చు, గోడ మీది మేకు తుడిచేయవచ్చు. వెన్నును, మోకాలిని, నడుమును సాఫ్ట్‌వేర్‌తో ఒక్క అంగుళం జరిపినా ఆ ఫొటో బోధనకు పనికిరాదు. కరపత్రాల్లోకి చేరుతున్న కృత్రిమ మేధ బొమ్మలు ఇంకా హానికరం. శరీరానికి సాధ్యం కాని వంపును సాధ్యమన్నట్టు చూపితే, దాన్ని చూసి ప్రయత్నించేవాడి కీళ్లే దెబ్బతింటాయి. 2025 జూన్ 21న విశాఖపట్నం సముద్రతీరంలో, ‘యోగాంధ్ర’ కార్యక్రమాల ముగింపుగా, మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేసినప్పుడు డ్రోన్లు తీసిన ఫొటోలు ఆ సందర్భానికి తగినవే, అంతమందిని ఒకచోట చూపడం వాటి పని. కానీ ఆ ఫొటోల్లో ఏ ఒక్కరి మోకాలూ కనిపించదు. మరుసటి రోజు ఇంటికి చేరిన మనిషికి తన మోకాలి గురించి చెప్పే ఫొటో వేరే కావాలి.

అలాంటి ఫొటోలు ఎవరికి అత్యవసరం అని వెతికితే చూపు మళ్లీ ఎమ్మిగనూరు వైపే వెళ్తుంది. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేతకారుల సహకార సంఘం ఈ ఊరికి గుర్తింపు తెచ్చింది, ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. గుంత మగ్గంలో కాళ్లు దించి, నడుము ముందుకు వంచి గంటల తరబడి కూర్చునే నేతగాళ్ల వెన్నుకు, మెడకు, భుజాలకు తగిన ఆసనాలు ఏవో యోగా గురువులు చెప్పగలరు. కానీ ఇప్పుడున్న పుస్తకాల్లో, పోస్టర్లలో బొమ్మలన్నీ ఇరవై ఏళ్ల సన్నటి దేహాలవి. యాభై ఏళ్ల నేతగాడు వాటిని చూసి ఇది మనకు కాదని పక్కన పెడతాడు. అతని ఈడు మనిషిని, అతని ఇంటి గదిలోనే, గుంత మగ్గం పక్కన చాప మీద, కుర్చీ ఆసరాతో, గోడ ఆసరాతో తాడాసనం, భుజంగాసనం, మార్జాలాసనం, మోకాళ్లు మడిచి వేసే పశ్చిమోత్తానాసనం వేస్తుండగా తీయాలి. ఒక్కో ఆసనానికి ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఎంత వంగితే చాలో చూపేది ఒకటి. కింద తెలుగులో పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు, సరిహద్దు పల్లెలకు కన్నడంలోనూ అవే. కిటికీకి కట్టడానికి పంచె ఆ ఇంట్లోనే ఉంది. ఫోన్ కూడా ఉంది. కావలసింది ఆసనం తెలిసిన గురువు ఒకరు, గుమ్మం అవతల అడుగున్నర ఎత్తులో కెమెరా పెట్టి, తొందరపెట్టకుండా కూర్చోగల ఫొటోగ్రాఫర్ ఒకరు.